టైపమ్మ ఎక్కించిన కిట్టు

ఆ కాలేజీ హాజరు పట్టీలో ఆమెకు మూడు మాటల పేరొకటి ఉంది. అది అక్కడే ఉండిపోయింది. ప్రిన్సిపాల్ మొదలు గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె టైపమ్మే.

ఇరవై రెండేళ్లు ఆఫీసు గదిలో కిటికీ పక్క టైపు మిషను ముందు కూర్చుని పనిచేసింది. మిషన్లను పాత సామాన్ల గదిలోకి నెట్టేసిన రోజున, వాటితోపాటు ఈమెను ఎక్కడికి నెట్టాలో ఎవరికీ తోచలేదు. అప్పటి ప్రిన్సిపాల్ గారు కాసేపు గడ్డం గోక్కుని, "అక్కడా మీటలే, ఇక్కడా మీటలే కదా" అని కంప్యూటర్ ల్యాబుకు అటెండరుగా వేశారు. ఆ తర్కంతో చూస్తే కాలేజీ హార్మోనియం కూడా ఆమెకే అప్పగించాల్సింది.

పొద్దున తొమ్మిదింటికి ల్యాబు తలుపులు తీయడం, నలభై కంప్యూటర్ల మీద గుడ్డలు తొలగించి మడతపెట్టడం, మీటల సందుల్లో దుమ్ము బ్రష్షుతో దులపడం, పిల్లల చేత రిజిస్టరులో సంతకాలు పెట్టించడం, ఐదింటికి అన్నీ ఆపి తాళం వేయడం. ఇదీ ఆమె ఉద్యోగం. చెప్పుల స్టాండు సర్దడం కూడా ఆమె పనే అని ఎవరూ రాసివ్వలేదు గాని, అదీ ఆమే చేసేది.

ఒక్క అలవాటు మాత్రం పాత గది నుంచి వెంట తెచ్చుకుంది. ఏ అక్షరం కనబడినా చదివేది. మందు సీసా మీది చీటీ, బస్సులో కిటికీ కింద హెచ్చరిక, అగ్గిపెట్టె వెనక రాసింది, ఏదీ వదిలేది కాదు. తప్పుంటే పట్టుకునేది. వాళ్లాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "నీకు పెళ్లి కార్డు ఇవ్వడం దండగే. పెళ్లికి వెళ్లవు, తప్పులు దిద్ది వెనక్కి పంపుతావు" అని నవ్వేవాడు.

ల్యాబు మీద పెత్తనం కంప్యూటర్ విభాగం హెడ్డు గారిది. మంచి మనిషే. పద్ధతి మనిషి. ఆయన గదిలో ఫైళ్లు రంగుల వారీగా ఉంటాయి. కంప్యూటర్లలో కొత్తది ఏది ఎక్కించాలన్నా, ఏది తీసేయాలన్నా ఒక పాస్‌వర్డు కావాలి. అది హెడ్డు గారికి తప్ప మరొకరికి తెలియకూడదని రాతపూర్వకమైన నియమం. పదహారు అక్షరాలు, అందులో రెండు చుక్కలు, ఒక డాలరు గుర్తు. హెడ్డు గారు దాన్ని ఒక్కసారి కూడా తప్పులేకుండా కొట్టలేకపోయారు. మూడుసార్లు విఫలమయ్యాక చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "టైపమ్మా, ఆ ముక్కేదో నువ్వే కొట్టు" అనేవారు. ఆమె కొట్టేది. ఆయన నియమం ప్రకారం మొహం పక్కకు తిప్పుకునేవారు.

అలా తాళం ఆమె వేళ్లలో ఉండిపోయింది. తలుపు తీసే హక్కు ఆయన సంతకంలో ఉండిపోయింది. ఏడేళ్లుగా ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ ఏడాది మాత్రం వచ్చింది. ప్రాక్టికల్స్ ఇకమీదట జావా అనే కంప్యూటర్ భాష పదిహేడో వెర్షన్‌లో జరగాలని, దానికి కావలసిన డెవలప్‌మెంట్ కిట్టు అన్ని కంప్యూటర్లలో ఉండాలని, ఇరవయ్యో తేదీన తనిఖీ అధికారి వచ్చి చూస్తారని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. రావడం రెండు నెలల ముందే వచ్చింది. పసుపు ఫైల్లో పెట్టాల్సింది ఆకుపచ్చ ఫైల్లో పడింది. అది బయటపడేసరికి ఎనిమిదో తేదీ.

హెడ్డు గారు వెంటనే ఒక కమిటీ వేశారు. ఐదుగురు సభ్యుల్లో ముగ్గురు వచ్చారు, ఇద్దరు మాట్లాడారు, ఒకరు విన్నారు. కిట్టు అంటే ప్రోగ్రాములు రాసి, వాటిని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే పనిముట్ల మూట అని ఒక సభ్యుడు వివరించాడు. మూట ఎంత బరువుంటుందని ఇంకో సభ్యుడు అడిగాడు. చివరికి బయటి నుంచి నిపుణుణ్ని పిలిపించాలని తీర్మానమైంది.

నిపుణుడు గారు రెండు ఫోన్లతో, నాలుగు జేబుల సంచితో పదో తేదీన దిగారు. మనిషి చలాకీ. వేళ్లు ఎంత వేగంగా ఆడతాయో నోరూ అంతే వేగం. ఏదో వెబ్‌సైట్ నుంచి కిట్టును పెన్ డ్రైవులోకి దించుకుని, ఒక్కో కంప్యూటర్ దగ్గరా కూర్చుని చేత్తో కాపీ చేయడం మొదలుపెట్టారు. మొదటి రోజు నాలుగు కంప్యూటర్లు అయ్యాయి. రెండో రోజు ఐదు చేస్తే మూడు మొరాయించాయి. వాటికేదో లైబ్రరీ అనే తోడు ఫైలు తక్కువైందని ఇంకో సైట్ నుంచి ఇంకేదో తెచ్చి బలవంతంగా కుక్కారు. మూడో రోజు రెండే అయ్యాయి.

టైపమ్మ పక్కనే గుడ్డతో తెరలు తుడుస్తూ చూసేది. ఆమెకు కిట్టు సంగతి తెలియదు. కానీ ఒక సంగతి కళ్లలో పడింది. తప్పు వచ్చినప్పుడల్లా తెర మీద రెండు మూడు వరుసలు ఏదో వచ్చేది. నిపుణుడు గారు అది పూర్తిగా రాకముందే "ఛ" అని తెర మీది ఆ కిటికీ మూసేసేవారు. మూడు రోజుల్లో ఆయన ఒక్క వరుస కూడా చివరిదాకా చదవలేదు. కాలిన అట్టు మీద మూత పెట్టినట్టు మూసేసేవారు.

పదమూడో తేదీన లెక్క తేలింది. పదకొండు కంప్యూటర్లలో నాలుగు పనిచేస్తున్నాయి. మూడు పాత వెర్షన్ పేరే చెబుతున్నాయి. నాలుగు ఏమీ చెప్పడం లేదు. మిగతా ఇరవై తొమ్మిదింటిని ఎవరూ ముట్టుకోలేదు. నిపుణుడు గారు హెడ్డు గారి గదిలో కూర్చుని తేల్చేశారు.

"యంత్రాలు ముసలివైపోయాయండీ. వీటితో మనం కుస్తీ పట్టకూడదు. నలభై కొత్తవి రావాలి. నేను రిపోర్టు రాసిస్తాను."

రిపోర్టు అనే మాట వినగానే హెడ్డు గారి మొహం వికసించింది. తనిఖీ అధికారికి చూపించడానికి కిట్టు లేకపోతే పోయె, కిట్టు ఎందుకు లేదో చెప్పే కాగితం ఉంటే చాలు. ఆయన సర్వీసంతా అలాంటి కాగితాల మీదే సాఫీగా నడిచింది.

ఆ సాయంత్రం నాలుగున్నరకు టైపమ్మ కంప్యూటర్లు ఆపుతూ నలభయ్యో నంబరు దగ్గరికొచ్చింది. తలుపు పక్కన, ఫ్యాను గోల చేస్తుందని ఎవరూ కూర్చోని యంత్రం అది. నిపుణుడు గారు పదే పదే కొట్టిన మాట ఆమె వేళ్లకు వచ్చేసింది. ఐదక్షరాలు. ఊరికే కొట్టి చూసింది.

తెర మీద ఆరు వరుసలొచ్చాయి. మూసేయడానికి అక్కడ నిపుణుడు గారు లేరు. టైపమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. ఆ పేరుతో ఆజ్ఞ ఏదీ ఇక్కడ లేదట. కావాలంటే కింద చెప్పిన మాట కొట్టి ప్యాకేజీ మేనేజర్ ద్వారా తెచ్చుకోవచ్చట. కింద నాలుగు రకాలు రాసి ఉన్నాయి. ఒకదాని పేరులో పదిహేడు అన్న అంకె ఉంది.

ఆమె మళ్లీ చదివింది. ఏమి కావాలో, ఎలా అడగాలో, ఏ మాట కొట్టాలో యంత్రమే చెబుతోంది. కమిటీ వేయక ముందు నుంచీ చెబుతోంది కాబోలు.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా తెరుస్తూ లైబ్రేరియన్‌ను అడిగింది. ఇద్దరూ పద్దెనిమిదేళ్లుగా లైబ్రరీ వెనక బల్ల మీద కలిసి తింటున్నారు. ఒకరినొకరు వదినా అనుకుంటారు. ఎవరు ముందు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.

"వదినా, ప్యాకేజీ మేనేజర్ అంటే ఎవరు? మన ఆఫీసు మేనేజర్ లాంటివాడా?"

"మనవాడిలాంటిది కాదులే, ఇది పనిచేస్తుంది" అంది లైబ్రేరియన్. తినడం ఆపి లోపలికెళ్లి లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చింది. కొన్న నాటినుంచి ఎవరూ తీసుకెళ్లని పుస్తకం. తేదీలు వేసే చీటీ తెల్లగా ఉంది. ఆమె మాత్రం చదివింది. పిల్లలు రాని గదిలో కూర్చునేవాళ్లకు ఇంకేం పని?

"ఇదిగో విను. ఇది గోడౌను గుమాస్తా లాంటిది. నీకు ఫలానాది కావాలని పేరు చెబితే చాలు. అది ఎక్కడుందో వెతుకుతుంది. దానికి తోడు ఇంకేమేం కావాలో చూస్తుంది. అన్నీ తెచ్చి, ఎక్కడ పెట్టాల్సినవి అక్కడ పెట్టి, పుస్తకంలో రాసుకుంటుంది. మనం చేత్తో మోసుకొచ్చి ఇష్టమొచ్చిన చోట పడేస్తే దానికి లెక్క తెలియదు. అప్పుడు గొడవ."

"నిపుణుడు గారు చేత్తోనే మోశారు."

"అందుకే ఆయన నిపుణుడు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చేవాళ్లనే కదా బయటి నుంచి పిలిపించేది!"

ఆ సాయంత్రం నలభయ్యో నంబరు దగ్గర టైపమ్మ పదిహేడు అంకె ఉన్న ఆ మాటను ఉన్నదున్నట్టు కొట్టింది. పాస్‌వర్డు అడిగింది. వేళ్లు అలవాటు ప్రకారం కొట్టేశాయి. హెడ్డు గారు పక్కన లేకుండా ఆ పదహారు అక్షరాలు కొట్టడం అదే మొదలు. యంత్రం ఒక జాబితా చూపించి, ఇన్ని వస్తాయి, ఇంత చోటు పడుతుంది అని చెప్పి, కానివ్వమంటావా అని అడిగింది.

ఆ కాలేజీలో ఆమెను ఎవరైనా "కానివ్వమంటావా" అని అడగడం అదే మొదటిసారి. ఆమె జాబితా మొత్తం చదివి, సరేనంటూ వై నొక్కింది.

మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక్క అతిథిని పిలిస్తే బంధుబలగమంతా దిగినట్టు ఏవేవో పేర్లు వరుసగా దిగాయి, సర్దుకున్నాయి. మళ్లీ ఆ ఐదక్షరాలు కొట్టి వెర్షన్ అడిగితే పదిహేడు అని బుద్ధిగా చెప్పింది. టైపమ్మ కుర్చీలో వెనక్కి వాలి, ఎవరూ లేని గదిలో పకపకా నవ్వింది.

చెప్పకుండా చేసింది కదా అని మర్నాడు పొద్దున్నే హెడ్డు గారి గదికి వెళ్లింది.

"సార్, ఆ నలభయ్యో నంబరులో కిట్టు..."

"అయ్యో, అదీ పాడైందా?" అన్నారాయన ఆనందంగా. "నిపుణుడు గారు రిపోర్టులో ఉన్నారు. ఆయన్ని ఇప్పుడు కదిలించకమ్మా. ఒక చీటీ మీద రాసిచ్చెయ్, అనుబంధంలో చేరుస్తాం."

"పాడవలేదు సార్. ఎక్కింది."

"సరే సరే, అదీ రాసివ్వు" అంటూ ఫోను ఎత్తారు.

ఆమె చెప్పింది. ఆయన వినలేదు. ఈ రెండూ వేరు వేరు నేరాలని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది. రెండు రోజుల్లో, పిల్లలు లేని గంటల్లో, ముప్పై తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇరవై ఎనిమిదింటికీ ఎక్కించేసింది. పాత వెర్షన్ పేరు చెబుతున్న మూడింటికీ ఏది వాడాలో ఎంచుకోమని చెప్పే చిన్న ఆజ్ఞ పుస్తకంలో దొరికింది. పలకకుండా కూర్చున్న నాలుగింటిలో మూడు, నిపుణుడు గారు కుక్కినది తీసేయగానే దారికొచ్చాయి. ముప్పై తొమ్మిది అయ్యాయి. మిగిలింది ఏడో నంబరు.

ఇక్కడ టైపమ్మ గురించి ఒక మాట చెప్పాలి. అక్షరం తప్పు పోనివ్వని మనిషే. కానీ ఇరవై రెండేళ్లు టైపు కొట్టినవాళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంటుంది. ముందున్న కాగితంలో ఏముంటే అది వేళ్లు కొట్టేస్తాయి. అర్థంతో పని ఉండదు. ఒకప్పుడు తన ఇంక్రిమెంటు ఆపుతున్నట్టు వచ్చిన ఉత్తరాన్ని కూడా ఒక్క తప్పు లేకుండా మూడు కాపీలు కొట్టి, సంతకానికి పంపాక గాని అది తనదని గ్రహించలేదు.

ఏడో నంబరులో నిపుణుడు గారు అందరికంటే గట్టిగా కుక్కారు. అది కొత్తదేదీ తీసుకోనంది. ముందు చిక్కు విప్పాలంది, విప్పే ఆజ్ఞ తనే సూచించింది. టైపమ్మ కొట్టింది. పొడుగాటి జాబితా వచ్చింది. ముప్పై తొమ్మిది గెలిచిన మనిషి. గంట నాలుగూ నలభై. జాబితా చదవలేదు. దాని కింద యంత్రం, నువ్వు చేయబోయేది ప్రమాదం కావచ్చు, అయినా కావాలంటే ఈ వాక్యం కొట్టు అంటూ ఒక వాక్యం ఇచ్చింది. అవును, నేను చెప్పినట్టే చెయ్యి అని దాని అర్థం.

ముందున్న వాక్యాన్ని వేళ్లు కొట్టేశాయి. కామాతో సహా, చివర ఆశ్చర్యార్థకంతో సహా. ఒక్క తప్పు లేదు.

యంత్రం చెప్పినట్టే చేసింది. బొమ్మలు పోయాయి, కిటికీలు పోయాయి, మౌసు బాణం పోయింది. నల్లటి తెర మీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ మిగిలింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కంచం ముందు ఊరికే కూర్చుంది. వాళ్లాయన రెండుసార్లు చూసి, మూడోసారి అడిగాడు.

"ఏమైందే? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమనలేదండీ. నేనే ఒకదాన్ని చంపేశాను."

విషయమంతా విన్నాక ఆయన నవ్వలేదు. "నేను ఒకసారి తప్పు తీగ కత్తిరించి ఆరో అంతస్తులో ఒక పెద్దమనిషిని గంటన్నర వేలాడదీశాను. పారిపోయి ఉంటే ఉద్యోగం పోయేది. అక్కడే ఉండి, తలుపు సందులోంచి ఆయనతో కబుర్లు చెబుతూ బాగుచేశాను. ఆయన ఇప్పటికీ కనబడితే మొహం తిప్పుకుంటాడనుకో. తిను."

పద్దెనిమిదో తేదీ ఉదయం నిపుణుడు గారు రిపోర్టుకు చివరి పేజీ రాయడానికి వచ్చి, ఏడో నంబరు చూశారు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. హెడ్డు గారిని పిలిచారు.

"చూశారా సార్? నేను చెప్పలే? దానంతట అదే పోయింది. ఈ రోజు ఇది, రేపు మిగతావి. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

హెడ్డు గారు నల్ల తెరను తృప్తిగా చూశారు. "ఒక ఫోటో తీయండి. అనుబంధం మూడు."

టైపమ్మ తలుపు దగ్గర బ్రష్షు పట్టుకుని నిలబడి ఉంది. నోరు మూసుకుంటే చాలు. నేరం యంత్రం మీదికి పోతుంది, ఆ మాటకొస్తే నిపుణుడు గారికి కాస్త పేరు కూడా వస్తుంది. ఆమె బ్రష్షును బల్ల మీద పెట్టింది.

"అది దానంతట అది పోలేదు సార్. నేను పోగొట్టాను."



"నువ్వా?" అన్నారు హెడ్డు గారు. "నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"తెర మీద రాసింది సార్. మిగతా ముప్పై తొమ్మిదింటిలో కిట్టు ఎక్కింది. చూసుకోండి. దీనిలో మాత్రం నేను చదవకుండా కొట్టాను. తప్పు నాదే."

హెడ్డు గారికి కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆయనకే సరిగ్గా తెలియలేదు. కంప్యూటరు పోయినందుకా, ముప్పై తొమ్మిది బాగుపడినందుకా? యాభై రెండు పేజీల రిపోర్టు ఆయన చేతిలో ఉంది. యంత్రాలు పనికిరావని అందులో ఆధారాలతో సహా ఉంది. ఆ యంత్రాలేమో చుట్టూ బుద్ధిగా పనిచేస్తున్నాయి.

నిపుణుడు గారు మాత్రం తడబడలేదు. "పక్కకు జరగండమ్మా, నేను చూస్తాను" అని కూర్చుని, మౌసును అటూ ఇటూ తిప్పారు. బాణం లేదు. ఇంకోసారి తిప్పారు. యంత్రం పాస్‌వర్డు అడిగింది. హెడ్డు గారు ముందుకొచ్చి మూడుసార్లు కొట్టారు. మూడుసార్లూ తప్పే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హెడ్డు గారి కళ్లు టైపమ్మ వైపు వెళ్లి, కోపం గుర్తొచ్చి వెనక్కి తిరిగాయి. అంతలో నిపుణుడు గారి రెండో ఫోను మోగింది, ఇంకెక్కడో అర్జంటు పని పడింది.

"ఎల్లుండి తనిఖీ" అన్నారు హెడ్డు గారు, ఆయన వెళ్లాక. గొంతులో కోపం పోయి దిగులు మిగిలింది. "ఇప్పుడేం చేద్దాం?"

"ఐదింటి దాకా టైమివ్వండి సార్."

ఆయన అవుననలేదు, కాదనలేదు. మొహం పక్కకు తిప్పుకుని వెళ్లిపోయారు. ఏడేళ్ల అలవాటు ప్రకారం అది అనుమతే.

లైబ్రేరియన్ పుస్తకంతో వచ్చింది. ప్యాకేజీ మేనేజర్ తాను చేసిన ప్రతి పనికీ దినచర్య రాసుకుంటుందని అందులో ఉంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు అడిగితే, ఏం తెచ్చింది, ఏం తీసేసింది. నల్ల తెర మీద దాన్ని తెరిపించారు. చివరి పేరాలో టైపమ్మ పాపం మొత్తం ఉంది. గంట నాలుగూ నలభై రెండు. తీసేసినవి అరవై మూడు.

తెలిసినవాళ్లయితే ఆ అరవై మూడింటినీ రెండు మాటల్లో వెనక్కి రప్పించేవారట. వీళ్లకు ఆ దారి తెలియదు. టైపమ్మ అరవై మూడు పేర్లూ కాగితం మీద ఎక్కించుకుంది. లైబ్రేరియన్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"చెప్పు వదినా" అంది టైపమ్మ.

ఒక్కో పేరూ అక్షరం అక్షరం చదివింది లైబ్రేరియన్. ఈమె కొట్టింది. మౌసు లేదు, బొమ్మలు లేవు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, వాటిని కొట్టే మీటలు. ఏడేళ్లుగా ఆ గదిలో పరాయిదానిలా తిరిగిన మనిషికి మొదటిసారి సొంత కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది. మధ్యలో లైబ్రేరియన్ ఒక అడ్డగీత వదిలేస్తే, "ఆగు, అక్కడ గీత ఉండాలి" అని ఈమే గుర్తుచేసింది.

యంత్రం జాబితా చూపించి అడిగింది. ఈసారి ఇద్దరూ చెరొకసారి చదివారు. పైనుంచి కిందికి ఒకరు, కిందినుంచి పైకి ఒకరు.

నాలుగు గంటలు కావస్తుండగా ఏడో నంబరు బొమ్మలతో సహా కళ్లు తెరిచింది. దాంట్లో కిట్టు ఎక్కించడానికి ఇంకో మూడు నిమిషాలు పట్టింది. "బతికిందండీ" అని టైపమ్మ వాళ్లాయనకు ఫోను చేస్తే, ఆయన ఎక్కడో లిఫ్టు గుంతలో ఉన్నాడు, "ఎవరు?" అన్నాడు.

ఇరవయ్యో తేదీన తనిఖీ అధికారి వచ్చాడు. సన్నగా, రైలు టైము చూసుకునే రకం మనిషి. ఇరవై రెండో నంబరు దగ్గర ఒక అమ్మాయి చేత రెండు వరుసల ప్రోగ్రాము రాయించి చూశాడు. అది నడిచింది. నలభై తెరల మీద ఒకసారి చూపు తిప్పి, "సంతృప్తికరం" అని రాసి సంతకం చేశాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు. హెడ్డు గారు చంకలో పెట్టుకున్న రిపోర్టు సంగతి ఎవరూ అడగలేదు. అది నీలం ఫైల్లోకి వెళ్లి నిద్రపోయింది.

వారం తర్వాత సభ పెట్టి, స్వల్ప వ్యవధిలో నలభై యంత్రాలను సిద్ధం చేసినందుకు నిపుణుడు గారికి పూలగుత్తి, ప్రశంసాపత్రం ఇచ్చారు. కమిటీలో వినే సభ్యుడు మొదటిసారి మాట్లాడాడు. పత్రం టైపు చేసింది టైపమ్మే. నిపుణుడు గారి ఇంటిపేరు హెడ్డు గారు తప్పు రాస్తే సరిదిద్దింది కూడా.

ఆ మర్నాడే ఆమెకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా పాస్‌వర్డు ఎందుకు వాడావో మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలి. హెడ్డు గారు చేతిరాత కాగితం పట్టుకుని స్వయంగా వచ్చారు.

"ఆడిట్ వాళ్లు అడుగుతారమ్మా. పద్ధతి. మనసులో పెట్టుకోకు." కాగితం ముందుకు చాపి, "ఆఫీసులో టైపిస్టు సెలవులో ఉంది" అన్నారు.

టైపమ్మ కాగితం అందుకుంది. అందులో నాలుగు తప్పులున్నాయి. నాలుగూ దిద్ది, టైపు చేసి రెండు కాపీలు తీసి, హెడ్డు గారి చేత సంతకం పెట్టించుకుని, ఒకదాని మీద తాను అందుకున్నట్టు సంతకం చేసి, ఫైలు చేసింది. ఆ రోజే వివరణ కూడా ఇచ్చింది. యంత్రం దినచర్య నుంచి తేదీలు, గంటలు ఎత్తి రాసింది. ఏ రోజు ఏ నంబరుకు ఏం ఎక్కించిందో, ఏడో నంబరును ఎలా పాడుచేసిందో, ఎలా బాగుచేసిందో. చివర, "జాబితా చదవకుండా అంగీకరించితిని. అది నా తప్పు" అని రాసింది. పాస్‌వర్డు తనకెలా తెలిసిందనే చోట, "ఏడేళ్లుగా హెడ్డు గారి ఆదేశం మేరకు నేనే కొట్టుచున్నాను" అని ఉన్న మాట ఉన్నట్టు పెట్టింది. హెడ్డు గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఆ తర్వాత ఆ ఫైలు ఏ రంగుదో ఎవరికీ తెలియలేదు.

మరుసటి ఏడు ఇంకో ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఇరవై ఒకటో వెర్షన్ కావాలట. హెడ్డు గారు కమిటీ వేయలేదు. ఒక చిన్న చీటీ మీద అంకె రాసి, టైపమ్మ బల్ల మీద పెట్టి, కిటికీలోంచి చెట్లను చూస్తూ నిలబడ్డారు.

"ఆర్డరు రాసివ్వండి సార్" అంది టైపమ్మ.

"మన మధ్య ఆర్డర్లేమిటమ్మా?"

"మెమో మన మధ్యే వచ్చింది కదండీ."

రెండు రోజుల తర్వాత ఆర్డరు వచ్చింది. నిపుణుడి పర్యవేక్షణలో అటెండరు ఈ పని నిర్వహించవలెనని అందులో ఉంది. ఆ సాయంత్రమే నిపుణుడు గారు ఫోను చేశారు. గొంతులో ఎంతో మర్యాద.

"అమ్మా, బాగున్నారా? మీరు కానిచ్చెయ్యండి. అయిపోయాక ఒక మాట చెప్పండి, వచ్చి పర్యవేక్షిస్తాను."

మంగళవారం పది నుంచి ఒంటిగంట మధ్య టైపమ్మ నలభై కంప్యూటర్లకూ కిట్టు ఎక్కించింది. ప్రతి జాబితా చదివింది. గురువారం నిపుణుడు గారు వచ్చారు. ఆ రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. ఆయన వెలగని నలభై తెరల మధ్య అరగంట నడిచి, టీ తాగి, పర్యవేక్షించినట్టు రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లారు. ఆ సంతకం పక్కన తేదీ తప్పు వేశారు. టైపమ్మ దిద్దింది.